తుత్తం కలిపిన పిండి

మొన్న మా ఎదురుగోడకు పోస్టరు అంటించే మనిషి బకెట్లో మైదా బంక కలుపుతుంటే, ఆ ఉడికిన పిండి వాసన మా వాకిట్లోకొచ్చింది. అరవై ఏళ్లు దాటినా ఆ వాసన వస్తే నాకు సిగ్గే గుర్తొస్తుంది.

రాప్తాడు దగ్గర మా ఊళ్లో అప్పటికి రెండేళ్లుగా వాన లేదు. ఉగాది ఓళిగలు, ఉప్పేసి ఉడకబెట్టిన పచ్చి వేరుశెనగకాయలు, వాటిని నములుకుంటూ ఆడిన తొక్కుడుబిళ్ల, అన్నీ మాటల్లోనే మిగిలాయి. నాయన పని వెతుక్కుంటూ బళ్లారి పోతే, అమ్మ కరువు పనిలో కంకర కొట్టేది. ఇంట్లో నేనూ, నాయనను కన్న మా జేజీ ఉండేవాళ్లం.

బళ్లో చేతిపనుల అయ్యవారు అట్టకు లోపల కాగితం, పైన గుడ్డ అంటించి పెట్టె చేసుకు రమ్మన్నారు. బంకను పురుగులు తినకుండా తలా చిటికెడు మైలుతుత్తం పొట్లం కట్టిచ్చి, విషమని మరీమరీ చెప్పారు. పాత నోటుబుక్కుల అట్టలున్నాయి, జేజి చీర ఎర్రంచు ఉంది, పిండే లేదు. చట్టిలో సాయంత్రం అమ్మ అంబలికని దాచిన జొన్నపిండి కనబడింది. పిడికెడు చాలనుకుని తీశాను, బంక చిక్కబడలేదని మళ్లీ తీశాను, చివరికి చట్టి అడుగు కనబడింది.

తుత్తం కలిపి దించేసరికి, చూపు సరిగా ఆనని జేజి వాసన పట్టుకుని లోపలికొచ్చింది.

“అమ్మకు అంబలి కాసినావా తల్లీ? నీ కడుపు సల్లగుండ!”

“ముట్టొద్దు జేజీ, తుత్తం కలిపినా.”

“పిండంతానా?” అంది. నేను తలొంచుకున్నాను. ఆమె తడుముకుంటూ పోయి ఖాళీ చట్టిని మూలన బోర్లించింది.

పొద్దుగూకాక అమ్మ జుట్టు నిండా రాతి దుమ్ముతో వచ్చి కూలబడింది. నేను నోరు తెరిచేలోపే జేజి, “నా చెయ్యి జారి పిండంతా మట్టిపాలయిందే” అంది.

“కండ్లు యాడ పెట్టుకున్నావత్తా? పొద్దంతా రాళ్లు కొట్టొచ్చినా గదా!” అని అరిచి, అమ్మ చెంబెడు నీళ్లు తాగి పడుకుంది. మూలన కూర్చుని నేను గుడ్డ ముడతలు పడకుండా బొటనవేలితో అంచులు నొక్కుతున్నాను.

అయ్యవారు నా పెట్టెను తరగతంతా తిప్పి చూపించారు. నాకు గర్వంగా కూడా అనిపించింది, ఆ మాట చెప్పడానికే ఇప్పటికీ నోరు రావడం లేదు. ఆ తర్వాత ఇంటికి చుట్టాలొచ్చినప్పుడల్లా, కరువులో పిండి పారబోసిన అత్త కథ అమ్మ చెప్పేది. అందరూ నవ్వేవాళ్లు, జేజీ నవ్వేది, నేనూ నవ్వేదాన్ని. జేజి పోయిన రోజున కూడా అమ్మ అదే చెప్పుకుని ఏడ్చింది. అప్పుడైనా నేను నోరు విప్పలేదు.

ఇప్పుడు అమ్మా లేదు, ఇళ్లల్లో బంక ఉడికించేవాళ్లూ లేరు, పిల్లలకు గమ్ము ట్యూబులొచ్చాయి. బీరువాలో నా పట్టుచీరలకే పురుగు పట్టింది గానీ, ఆ పెట్టెకు ఒక్క చిల్లూ పడలేదు. మొన్న మనవరాలు దాన్ని తీసి, ఎర్రంచు తడిమి, “ఎంత బాగుందో! ఎవరు చేశారవ్వా?” అంది.

“నేనే” అన్నాను. దేంతో అంటించానో మాత్రం చెప్పలేదు.