కారుతున్న పాతర

అనాయక్ మాటంటే ఊళ్లో శిలాశాసనం. అలాంటి మనిషి అబద్ధమాడింది ఒక్కసారే. అదీ ఊరంతా కూర్చున్న సభలో.

ఏటా ఉత్తర ధ్రువ సముద్రం గట్టును కొరుక్కు తింటోంది. ముందు రాళ్లకట్ట వేయాలా, గుట్ట మీద ఊరందరి మాంసానికీ ఒక చల్లటి గది కట్టాలా అన్నది ఆనాటి తర్జనభర్జన. రెండూ ఒకేసారి అయ్యే పనులు కావు. నేలలో మాంసం దాచుకునే ఊరి పాతరలన్నింట్లోకీ లోతైనది అనాయక్‌దే. ఎన్నడూ కరగని నేలను ఆమె మొగుడు తన చేతుల్తో తవ్వి, తను చనిపోయేదాకా కనిపెట్టుకుని ఉన్నాడు. అందుకే ముసలి తగారుక్ ఆమెనే అడిగాడు.

"మీ పాతర ఎట్లా ఉందమ్మా?"

"ఎండిన ఎముకలా ఉంది తాతా. గుట్ట మీద గదెందుకు, మాంసాన్ని షికారు తీసుకెళ్లడానికా?"

జనం నవ్వారు. చేతులన్నీ కట్టకే లేచాయి.

అంతకు ముందురోజే ఆమె నిచ్చెన దిగి, గోడల మీద కారుతున్న నీళ్లను గుడ్డతో తుడిచి వచ్చింది. కారుతోందని తెలిస్తే పూడ్చెయ్యమంటారు. మొగుణ్ని ఒకసారి పూడ్చింది, మళ్లీ పూడ్చడం తన వల్ల కాదనుకుంది.

చలికాలంలో ఆ చెమ్మ గడ్డకట్టింది. వసంతంలో కొడుకు కుపాక్ మొదటిసారి తిమింగలాల వేట పడవకు పెద్ద అయ్యాడు. వేటకు ముందు ఆచారం తప్పకుండా పాతర ఖాళీ చేసి, ఊడ్చి, కొత్త మంచు పరిచాడు. అనాయక్ నిచ్చెన మీద నిలబడి దీపం పట్టింది. పాతర శుభ్రంగా ఉంచుకున్నవాడికే తిమింగలం తనను తాను ఇచ్చుకుంటుందని ఊరి నమ్మకం. కుపాక్‌కు ఇచ్చుకుంది. క్రిస్మస్ విందుకు ఊరందరి వాటా అయిన తోక మాంసం ఆ పాతరలోకే దిగింది.

వేసవి దాటాక మూత తీస్తే గుప్పున కంపు కొట్టింది. అడుగున నీళ్లు, నీళ్లలో మాంసం.

ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అంటే బాగుండేది. పాతర అన్న మాట వినబడితే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేది అనాయక్. కుపాక్ ముందు పెట్టిన దుప్పి పులుసు చల్లారిపోతోంది.

"నేను ఊడ్చిన తీరులోనే ఏదో లోపముందమ్మా. అతిథిలా వచ్చిన తిమింగలాన్ని మురికిలో పడుకోబెట్టాను. ఇక పడవెక్కను. చిన్నాన్న కొడుక్కి ఇచ్చేస్తా."

అనాయక్ ఆ గిన్నె తీసి, పులుసు మళ్లీ వేడిచేసి పెట్టింది.

క్రిస్మస్ నాడు చర్చిలో అందరూ ఖాళీ గిన్నెలతో కూర్చున్నారు. పడవ అప్పగించడానికి కుపాక్ లేచాడు.

"కూర్చోరా," అంది అనాయక్. "వీడు ఊడ్చిన పాతర శుభ్రంగానే ఉంది. శుభ్రం లేనిది నా నోరు. పాతర కారుతోందని ఆ సభనాటికే నాకు తెలుసు."

తగారుక్ తన ఖాళీ గిన్నె కింద పెట్టి లేచాడు.

"మాదీ కారుతోందమ్మా. నీ మాట విని, మాదొక్కటే కాబోలని సిగ్గుపడి ఊరుకున్నా."

వెనక వరసలో ఇంకొకరు, తమదీ అంతేనన్నారు. గుట్ట మీద గది మాట మళ్లీ మొదలైంది.

ఇంటికి కుపాక్ తల్లి కంటే ముందు నడిచాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"తెలిసి కూడా, నేను ఊడుస్తున్నంతసేపూ దీపం పట్టుకుని నిలబడ్డావు కదమ్మా?"

అనాయక్ అవునని తలూపింది.