అంచు గురించి అడిగితే విరిగిన చెయ్యి

మొన్న ఒకరోజు, ఇంట్లో అడ్డంగా ఉందని నా పాత టైపు మిషను ఫోటో తీసి ఫోనులో అమ్మకానికి పెట్టాను. పెట్టిన కాసేపటికే ఎవరో ఒకాయన పనిచేస్తుందా, అక్షరాలు అరిగాయా, రిబ్బను ఎక్కడ దొరుకుతుంది అని వరసపెట్టి అడుగుతూ పోయాడు. నేనూ ఓపికగా అన్నింటికీ జవాబు రాశాను. చివరికి మీదేవూరు నాయనా అని ఒక్క మాట నేనడిగేసరికి, నీకెందుకే ముసలిదానా అని రాసి మాయమైపోయాడు. నా అరచెయ్యి ఎంత దురద పెట్టిందో చెప్పలేను, ఎదురుగా ఉంటే వాడి చెంప పగిలేది. ఫోనును కొడదామంటే నష్టం మనకే. మీలోనూ చాలామందికి ఇలాంటివి జరిగే ఉంటాయి. ఆ కోపంలో ఉండగానే నాకు మా బావ గుర్తొచ్చాడు.

బావంటే మా అక్క భర్త. మాది గద్వాలలో మగ్గం నేసే కుటుంబం. అమరచింత నుంచి వచ్చిన బావదీ మగ్గం ఇల్లే గానీ, మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టుకుని పొద్దంతా కూర్చునే ఓపిక ఆయనకు పుట్టుకతోనే లేదు. పనంతా నేర్చుకుని కూడా వదిలేసి, పెబ్బేరు సంతలో ఎడ్ల దళారిగా చేరాడు. టువ్వాల కింద చేతులు కలిపి, వేళ్లు పట్టుకుని ధర మాట్లాడుకునే సంత అది, బేరం ఎంతకు తెగిందో పక్కనున్నవాడికి కూడా తెలియదు. అక్కడొక కట్టుబాటు ఉండేది. ఎద్దు పళ్లు పట్టి చూడొచ్చు, నడిపించి చూడొచ్చు, కానీ బేరం నడుస్తుండగా నలుగురిలో నిలబడి ఇది తంతదా, కాలు ఈడుస్తదా అని గట్టిగా అడగకూడదు. అట్లా అడిగేవాడు కొనడానికి వచ్చినవాడు కాదని, బేరం చెడగొట్టడానికి ఇంకో దళారి పంపిన మనిషని లెక్క. వాణ్ణి అక్కడికక్కడే తన్నేవాళ్లు, తన్నినవాణ్ణి సంతలో ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. మా బావ అట్లా ఎందరిని తన్నాడో ఆయనకే తెలియదు. ఒక్కోసారి ఆయనే తన్నులు తిని, పెదవి చీరుకుపోయి ఇంటికొచ్చేవాడు. మా అక్క పసుపు అద్దుతూ తిట్టేది, ఆయన నవ్వుతూ కేకలు పెట్టేవాడు.

రెండు వేల సంవత్సరం తర్వాత నా టైపు ఇన్‌స్టిట్యూట్‌కు పిల్లలు రావడం తగ్గిపోయి, నేను దాన్నే ఇంటర్నెట్ సెంటరుగా మార్చుకున్నాను. కంప్యూటర్లో చీరలు వేలం వేస్తారని ఎవరి దగ్గర విన్నాడో ఏమో, బావ ఒకనాడు వచ్చి నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ముందుగా మా చిన్నాయన నేసిన చీరలు పెడదామనుకున్నాడు. చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు, మా సెంటరు ఎదురిల్లే ఆయనది, ఆ వీధిలో ఆయనంత నున్నగా అంచు కలిపేవాళ్లు లేరు. ఆయన ససేమిరా ఇయ్యనన్నాడు. ముట్టి చూడనోళ్లకు చీర అమ్ముడేంది, సిగ్గులేదా అన్నాడు. బావకు ఒళ్లు మండి, వేరే మగ్గాల వాళ్ల దగ్గర చీరలు తెచ్చి పెట్టాడు. ఆనాటి నుంచి ఇద్దరూ ఎదురుపడితే ఉమ్మేసి పోయేవాళ్లు.

ఆ వేలంలో ఎవరైనా ప్రశ్న అడిగితే, ప్రశ్నా జవాబూ రెండూ చీర ఫోటో కిందే, అందరికీ కనబడేలా పడేవి. మా బావకు కడుపు రగిలిపోయింది అక్కడే. రంగు పోతుందా అని ఒకరు, జరీ అసలుదేనా అని ఒకరు, మీ ఇంట్లో బీడీలు తాగుతారా, చీరకు వాసన పట్టిందా అని ఇంకొకరు. నోట్లో బీడీతోనే ఆ ప్రశ్న విన్న మనిషి బల్లను ఒక్క గుద్దు గుద్దితే నా మౌసు కిందపడి పగిలిపోయింది. వాసన గావాలంటే అగరొత్తులు కొనుక్కోమను అని ఆయన అరవడం, నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చి ఉన్నదున్నట్టు కొట్టడం. నేనూ ఉప్పూ కారం తినేదాన్నే, తిట్లు టైపు చేస్తుంటే చేతులకు మహా హుషారుగా ఉండేది. చాలామంది ఒక్క తిట్టుకే పారిపోయేవాళ్లు.

ఒక్కరు మాత్రం పోలేదు. పేరూ ఊరూ తెలియని ఆ మనిషి మేం పెట్టిన ఒక ఆకుపచ్చ చీర కింద అడుగుతూనే ఉండేది. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు, రెండింటి పోగులనూ మగ్గం మీదే మెలిపెట్టి కలుపుతారు కదా, ఆ కలిపిన చోట చీరను వెలుతురుకు పట్టి చూస్తే సందులు కనబడుతున్నాయా అని ప్రశ్న. బావ తిట్టించాడు. మళ్లీ అదే ప్రశ్న. ఇంకా ఘోరంగా తిట్టించాడు. మర్నాటి మధ్యాహ్నం మళ్లీ అదే ప్రశ్న వచ్చింది.

బావ ముఖం నల్లబడిపోయింది. "గిన్ని తిట్లు తిని ఎవడన్న కొననీకి వస్తడా? మగ్గం మీద కూసున్నోనికి తప్ప ఈ సందుల సంగతి ఎవనికి తెలుస్తది? ఇది మీ చిన్నాయన పనే! వేరే సెంటర్ల కూసోబెట్టి అడిగిపిస్తుండు, లంగ!" అంటూ గోడకు ఆనించిన ఎడ్ల ములుగర్ర అందుకుని వీధి దాటాడు. నేను వెనకాలే అరుస్తూ ఉరికాను.

చిన్నాయన గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. గుంట మగ్గంలో కూర్చున్న మనిషి గబుక్కున లేవలేడు. ఏందిరా అని తలెత్తేలోపే మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండో దెబ్బ మగ్గం మీదున్న బట్టకేసి దిగుతుంటే, ఆయన నెత్తి కాపాడుకోలేదు, పడుగు పోగులు తెగిపోతాయని కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. మణికట్టు దగ్గర ఎముక విరిగిన చప్పుడు గడప దగ్గరున్న నాకు వినబడింది. తెల్లటి నూలు మీద నెత్తురు చిమ్మింది. చిన్నమ్మ గంజికుండ తెచ్చి బావ మీద విసిరింది, నేను పోగు విసిరే నాడె అందుకుని ఆయన నెత్తిన శక్తికొద్దీ కొట్టాను. దాని ఇనుప మొన తగిలి నెత్తురు కళ్లలోకి కారుతున్నా ఆయన చూపు మాత్రం చిన్నాయన చెయ్యి మీదే ఉంది. అది మోచేతి కింద ఉండాల్సిన తీరులో లేదు. ములుగర్ర కింద పడేసి, చిన్నాయనను గుంటలోంచి రెండు చేతులా ఎత్తుకుని, తిట్టుకుంటూనే దవాఖానకు ఉరికాడు.

దెబ్బ ఎట్లా తగిలిందని డాక్టరడిగితే గుంటలో జారిపడ్డానని చెప్పాడు చిన్నాయన. నేను సాయంత్రం సెంటరుకు తాళం వేయడానికి వస్తే తెరమీద ఆ సందుల సంగతి అడిగిన మనిషి రాసింది కనబడింది. కోపం తెచ్చుకోకండి, మా అమ్మ కట్టుకున్న గద్వాల చీర అంచు దగ్గర విడిపోయింది, అమ్మ లేదు, అట్లాంటి చీర మళ్లీ కొనుక్కుందామని ఆశ, అందుకే అడుగుతున్నాను అని. అది కాగితం మీద రాసుకుపోయి దవాఖాన వరండాలో బావకు చదివి వినిపించాను. నెత్తికి కట్టుతో ఉన్న మనిషి ఇంకోసారి చదవమన్నాడు.

లోపల మంచం మీదున్న చిన్నాయనకు కూడా అంతా వినబడింది. మెల్లగా అన్నాడు: "ఎక్కడున్నదో ఏమో, ఆమె గన్నిసార్లు అడిగె. ఎదురింట్ల ఉన్న నన్ను నువ్వు ఒక్కసారి అడగకపోతివి గదరా."

బావ వరండాలోనే తల బాదుకున్నాడు. చిన్నాయన ఆ ఆకుపచ్చ చీర తెప్పించుకుని, ఎడమచేత్తో కిటికీ వెలుతురుకు పట్టి, కలిపిన చోటంతా చూసి, గట్టిగనే ఉన్నది, ఇడిపోదని రాయి బిడ్డా అన్నాడు. రాశాను. ఆమె కొనుక్కుంది.

చిన్నాయన చెయ్యి మాత్రం అతకలేదు. అతికింది గానీ వంకరగా అతికి, వేళ్లు ముడుచుకోవడం మానేశాయి, నాడె పట్టుకునే పని ఆ చేతికి మళ్లీ రాలేదు. మగ్గం మీద మిగిలిన పడుగును బావే కూర్చుని నేశాడు. ఆయన మొరటు చేతుల్లో పోగులు తెగుతుంటే, పక్కన కూర్చున్న చిన్నాయన బూతులు తిడుతూ ఎడమచేత్తో వీపు మీద ఒక్కటి వేసేవాడు. బావ ఆ దెబ్బలన్నీ తలొంచుకుని తిన్నాడు. ఆ తర్వాత పెబ్బేరు సంతకు పోలేదు. చిన్నాయన బతికినన్నాళ్లూ ఆయన బదులు బావే ఆ గుంటలో కూర్చున్నాడు.

ఇప్పుడు ఎవరూ ఎవరి చెయ్యీ విరగ్గొట్టడం లేదు, అది మంచిదే, కాదంటానా. ఎవరికి కోపం వచ్చినా కూర్చున్నచోట కూర్చునే నాలుగు మాటలు అనేసి తలుపేసుకుంటారు. కానీ చిన్నాయన పోయిన రోజు, పాడె కట్టేదాకా ఆ వంకర చెయ్యిని తన రెండు చేతుల్లో పెట్టుకుని బావ ఏడ్చిన ఏడుపు నేను కళ్లారా చూశాను. ఈనాడు ఫోనులో నన్ను అంతేసి మాటలని మాయమైనవాళ్లలో ఒక్కరికైనా నా చెయ్యి ఎట్లా ఉంటుందో తెలుసా?