ఆషాఢంలో పెన్‌డ్రైవు కాపురం

రండి, గుమ్మంలో నిలబడ్డారెందుకు, చాప మీదకు జరిగి దగ్గరగా కూర్చోండి. ఆ రోజుల్లో కంప్యూటరున్న గదంటే నాకు దేవుడి గదితో సమానం. చెప్పులు బయట విడిచే వెళ్లేదాన్ని. పదో తరగతి లెక్కల్లో పోయాక (రెండుసార్లు పోయాను, రెండోసారి సంగతి మా ఆయనకు ఇప్పటికీ తెలియదు) తణుకులో శుభలేఖలు అచ్చు వేసే బాబాయి కొట్లో టైపు పనికి కుదిరాను. సొంత బాబాయి కాదు, అమ్మకు వరసకు మరిది. శ్రావణం దాకా చూస్తాననీ, పని రాకపోతే ఇంటికి పంపేస్తాననీ అమ్మతో ముందే చెప్పాడు. ఇంటికి వెళ్తే మళ్లీ లెక్కల పరీక్షే. అందుకని ఆ కుర్చీని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

కొట్లో కంప్యూటరు ముసలిది. మీట నొక్కి, టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వస్తే అప్పటికి కళ్లు తెరిచేది. బాబాయి స్నేహితుడొకాయన, భీమవరంలో కాలేజీ ల్యాబు చూసే మేష్టారు, ఒక పెన్‌డ్రైవు తెచ్చారు. అందులో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఉందట. లోపల ఎక్కించకుండా పెన్‌డ్రైవు నుంచే నడిపి చూడొచ్చట, నచ్చాకే పాతది తీసి ఇది పెట్టుకోవచ్చట. బాబాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఆషాఢం వచ్చేసిందండి మేష్టారూ. కొత్తదాన్ని ఇప్పుడు లోపలికి తీసుకురాకూడదు. బయటే ఉంచి నడుపుదాం, శ్రావణంలో మంచి రోజు చూసి గృహప్రవేశం చేయిద్దాం" అన్నాడు. మేష్టారు నవ్వి, అలా నడిపినన్నాళ్లూ మన కంప్యూటరులో పాతదేదీ పోదనీ, కంప్యూటరు ఆపితే కొత్తగా చేసిందేదీ నిలవదనీ చెప్పారు. మేము మొదటి సగం విని ధైర్యం తెచ్చుకున్నాం. రెండో సగం చెబుతుండగా బాబాయి పంచాంగం తీశాడు, నేను టీ తేవడానికి లేచాను.

కొత్తది పరుగులు పెట్టేది. వారం రోజులు దాంట్లో పేకాటే ఆడాను. అప్పుడొచ్చారు అత్తిలి నుంచి ఒక మామ్మగారు, మనవరాలి శుభలేఖ కోసం. అచ్చు శ్రావణంలోనేగానీ, పిలిచేవాళ్ల పేర్లు ముందే సర్దాలన్నారు. మా వైపు శుభలేఖ మీద పేరు పడకపోతే రెండు తరాలు మాటలుండవు మరి. ఆ పొద్దున్నే మేష్టారు వచ్చి కొత్తదాంట్లో కూడా తెలుగు అక్షరాలు పెట్టి వెళ్లారు. మామ్మగారు కాగితం తేలేదు. నా పక్కన కుర్చీ వేసుకుని నలభై పైచిలుకు పేర్లు నోటితోనే చెప్పారు. పేరొక్కటే అయితే గంటలో అయిపోయేది. ఈయన గట్టు దగ్గర తగువాడాడు, ఈవిడ కాన్పుకి నెల రోజులు పాలు పంపింది, ఇలా ఒక్కొక్కరికీ ఒక కథ. సాయంత్రానికి పూర్తిచేసి, భద్రంగా దాచి, కంప్యూటరు ఆపి, పెన్‌డ్రైవు బాబాయి చేతికిచ్చాను. ఆయన దాన్ని వెంకటేశ్వరస్వామి పటం ముందు పెట్టాడు.

మర్నాడు తెరిస్తే శుభలేఖ లేదు. తెలుగు అక్షరాలూ లేవు. పేకముక్కలు మాత్రం ఉన్నాయి. మేష్టారికి ఫోను చేస్తే, "రుచి చూడమని గరిటెలో పోసిస్తే, అందులోనే పంక్తి భోజనాలు పెట్టేశారేంటండి?" అన్నారు. బాబాయి కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "అమ్మాయ్, పదకొండింటికి ఆవిడొస్తారు. ఆవిడకేం చెబుతావో, మీ అమ్మకి నన్నేం చెప్పమంటావో ఆలోచించుకో" అని నెమ్మదిగా అన్నాడు. తిట్టినా బాగుండేది.

పెన్‌డ్రైవు పీకేసి ముసలిదాన్నే లేపాను. అది లేచేలోగా కళ్లు మూసుకుంటే గట్టు తగువు గుర్తొచ్చింది, దాని వెనకే ఆయన పేరు. పాలు గుర్తొచ్చాయి, ఆవిడ పేరు. ఎక్కాలు నిలవని బుర్రలో ఊరివాళ్ల తగువులు వరస తప్పకుండా నిలిచాయి. మామ్మగారు బస్సు దిగి వచ్చేసరికి ఆఖరి పేరు కొడుతున్నాను.

నేను చదువుతుంటే ఆవిడ వేళ్లు మడుస్తున్నారు. ఒకచోట వేలు ఆగిపోయింది. అది ఆవిడ సొంత తమ్ముడి పేరు. ముందురోజు ఆయన కథంతా చెప్పి, చివర్లో "వీడి పేరు మాత్రం వెయ్యకు" అన్నారు. నా బుర్ర కథ దాచుకుని ఆ చివరి మాట వదిలేసింది.

"ఈ పేరు నేను రాయించానా?"

"అందరికంటే ఎక్కువసేపు ఈయన గురించే చెప్పారండి, మామ్మగారూ."

ఆవిడ తెర దగ్గరికి వంగి ఆ పేరు మీద వేలు పెట్టారు. "పైకి జరపవే. మా అబ్బాయికి మేనమామ, కిందెక్కడో వేస్తే ఏం బాగుంటుంది" అన్నారు. ఆవిడ వెళ్లాక బాబాయి అమ్మకు ఫోను చేసి, శ్రావణం దాకా చూడక్కర్లేదు, పిల్లని ఉంచేసుకుంటున్నానని చెప్పాడు.

ఇప్పుడు ఏ కాగితమైనా మూడు చోట్ల దాస్తున్నాను. బుర్రలో దాచడమే తగ్గిపోయింది. రెండు జడలతో ఆ ముసలి కంప్యూటరు ముందు కళ్లు మూసుకున్న పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ఈర్ష్య కూడాను. సరే, పొద్దుపోతోంది, మీరు బయలుదేరండి. మీ ఇంట శుభకార్యాలు జరగాలి, అలిగి వెళ్లినవాళ్లంతా తిరిగొచ్చి మీ పంక్తిలో కూర్చోవాలి, మీ ఇల్లు చల్లగా ఉండాలి.