రత్నమ్మ లాగిన్‌లో వేసిన సర్టిఫికెట్

మూడేళ్ల కిందటి దసరా. అప్పటికి బళ్లారిలో పదిహేనేళ్లుగా సర్వర్లు చూస్తున్నాను. బ్రూస్‌పేటలోని ఒక రక్తపరీక్షల ల్యాబ్ నాకు పాత కస్టమర్. అక్కడి సర్వర్ నుంచి సత్యనారాయణపేట ఆసుపత్రి సర్వర్‌కు రిపోర్టులు ఎన్‌క్రిప్ట్ అయి, అంటే దారిలో ఎవరూ చదవలేని రూపంలో వెళ్తాయి. అందుకు ఏటా కొత్త సర్టిఫికెట్, అంటే ఈ సర్వర్ ఫలానాదేనని చెప్పే డిజిటల్ గుర్తింపు పత్రం, వేయాలి. దానితోపాటు ప్రైవేట్ కీ అనే రహస్య తాళంచెవి ఉంటుంది.

ల్యాబ్ యజమాని శెట్టిగారికి ఒక పట్టింపు. కొత్తది ఏదైనా సరే, సీనియర్ టెక్నీషియన్ రత్నమ్మ చేత్తోనే మొదలుకావాలి. ఆమె చెయ్యి మంచిదని ఆయన నమ్మకం. ఆ ఏడు ఆయుధపూజ నాడు సర్వర్‌కు కుంకుమ పెట్టి, దండ వేసి, మంచి గడియ చూసి సర్టిఫికెట్ కూడా ఆమెతోనే వేయించారు. ఫోన్‌లో ఇది నొక్కు, అది నొక్కు అని చెప్పింది నేనే. మా ఇంట్లోనూ పూజ హడావుడి. రిపోర్టులు వెళ్తున్నాయో లేదో చూడకుండానే ఫోన్ పెట్టేశాను.

మర్నాడు పొద్దున్నుంచి ఒక్క రిపోర్టూ వెళ్లలేదు. కాగితాలు ఆటోలో పంపుతున్నారు. నేను వెళ్లేసరికి శెట్టిగారు ముఖం గంటు పెట్టుకుని ఉన్నారు.

"ఇన్నేండ్లు ఆయమ్మ మొదలుపెట్టింది ఏదీ చెడలేదప్పా. ఈసారి ఏందో తేడా కొట్టింది. రేపట్నుంచి మిషన్ల కాడ వద్దులే, కౌంటర్లో కూచోబెడతా," అన్నారు, ఆమె వినేలాగే.

ఇరవై రెండేళ్లుగా ఆ మిషన్లే ఆమె లోకం. "నువ్వు చెప్పినట్టే చేసినా కదప్పా," అంది నాతో మెల్లగా. కళ్లలో నీళ్లు. నాకు సిగ్గేసింది.

సర్టిఫికెట్ గడువు, పేరు చూశాను. బాగానే ఉన్నాయి. చివరికి రిపోర్టులు పంపే ప్రోగ్రామ్‌ను రత్నమ్మ లాగిన్‌లోంచి నేనే నడిపి చూశాను. రిపోర్టు టక్కున వెళ్లింది. మామూలుగా సర్వీస్ నడిపితే 'యాక్సెస్ డినైడ్' అంటోంది, అంటే అనుమతి లేదని.

శెట్టిగారు కుర్చీలో ముందుకు జరిగారు. "అంటే, ఆయమ్మ చెయ్యి తగిలితేనే పోతాందా?"

నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. సర్వీస్ అంటే ఎవరూ ముందు కూర్చోకపోయినా వెనకాల నడిచే ప్రోగ్రామ్. దానికి సొంత యూజర్ అకౌంట్ ఉంటుంది. తాళంచెవి రత్నమ్మ లాగిన్‌కు అందింది గానీ, రోజూ తలుపు తీయాల్సిన ఆ సర్వీస్‌కు అందలేదు. ఆ అనుమతి ఇప్పించడం నేను మరిచాను.

"తప్పు నాది శెట్టిగారూ. ఆయమ్మ చేసిందంతా సరిగ్గానే ఉండాది," అన్నాను.

'మేనేజ్ ప్రైవేట్ కీస్' అనే మెనూ తెరిచి సర్వీస్ అకౌంట్‌ను చేర్చాను. 'రీడ్' అనుమతి మాత్రమే ఇచ్చాను. కీని చదవగలిగితే చాలు, దాన్ని మార్చే హక్కు సర్వీస్‌కు అక్కర్లేదు. ఇక సర్వీస్‌ను మళ్లీ మొదలుపెట్టాలి.

"నువ్వే నొక్కక్కా," అన్నాను.

ఆమె నొక్కింది. క్యూలో ఆగిపోయిన రిపోర్టులన్నీ వరసగా కదిలాయి. ఐదు నిమిషాల్లో ఆసుపత్రి నర్సు ఫోన్ చేసి, "ఎల్లా బంతు సార్, ఎల్లా బంతు," అంది కన్నడంలో, అన్నీ వచ్చేశాయని. నాకు ఈల వేయాలనిపించింది.

"మిషన్ల కాడికి పోమ్మా, శాంపిళ్లు కాచుకోనుండాయి," అన్నారు శెట్టిగారు తల ఎత్తకుండా. క్షమించమనడం ఆయనకు అంతవరకే వచ్చు.

రత్నమ్మ కదల్లేదు. "ఆ పర్మిషన్ యాడుండాదో ముందు నాకు చూపీప్పా," అంది. కూర్చోబెట్టి అంతా చూపించాను.

మరుసటి ఏడు కొత్త సర్టిఫికెట్ సంగతి గుర్తుచేద్దామని రత్నమ్మకు ఫోన్ చేశాను. "ఎప్పుడో ఏసేసినా. సర్వీస్‌కి రీడ్ ఇచ్చినా. రిపోర్టులు వచ్చినాయా అని ఆసుపత్రికి ఫోన్ చేసి అడిగినా. ఇంగ నీకేం పని ల్యాదప్పా," అంది.

నొక్కించడం వేరు, నేర్పడం వేరు. ఆ పూజ నాడు ఎందుకు నొక్కుతోందో ఒక్క మాట చెప్పి ఉంటే, రిపోర్టు వెళ్లిందో లేదో ఆమే చూసుకునేది, మర్నాడు ఆమె కళ్లలో నీళ్లు చూడాల్సి వచ్చేది కాదు.