ప్రస్థానం సంచిల నలభై గ్రాములు

దయ్యాలు, ఆత్మలు అని ఎవరన్నా మొదలువెడితే "నాకు దుకాణంల పనున్నది" అని లేచిపోయే మనిషిని నేను. హన్మకొండల మాది కిరాణా దుకాణం. ఇరవై ఆరేండ్ల సంది కాంట ముందట కూసుంటాన. కాంట ఎంత చూపెడితే అంతే నమ్ముత. అసొంటి దాన్ని ఇది రాస్తాన అంటే నాకే నవ్వొస్తాంది.

పెండ్లయిన కాన్నుంచి నేనూ మా ఆయనా కలిసి మేడారం జాతర తప్ప ఎటూ పోలే. దుకాణం మూస్తే గిరాకీ పోతదని భయం. మా ఆయనకేమో టీవీల హిందీల వచ్చే టర్కీ సీరియళ్ల పిచ్చి. "ఇస్తాంబుల్‌ల పడవెక్కి చాయ్ తాగాలె" అని రోజుకోసారన్న అనకుంటె ఆయనకు అన్నం అరగదు. పోయిన యేడు నేనే, సరే నడువు, పోదాం అన్న.

ఇగ ప్లాన్ అంతా నాదే. దానికో నోటుబుక్కు పెట్టిన. వీసాకు ఏ కాగితాలు కావాలె, ఏ నెల చలి తక్కువ, రూమ్ నుంచి ట్రామ్ స్టాప్ ఎంత దూరం, మధ్యల ఎత్తు ఎక్కాల్నా. ఆ ఊరంతా ఎత్తులు పల్లాలేనట, నా మోకాళ్ల సంగతి నాకు తెలుసు. ఏ రోజు పాత బజారు, ఏ రోజు పడవ, అన్నీ రాసిన. తినేటందుకు సకినాలు, పుట్నాల పొడి. ప్రతి బ్యాగునూ దుకాణం కాంట మీద పెట్టి జోకిన. "ఇస్తాంబుల్ పోతానమా, పెసరపప్పు పార్సిల్ చేస్తానవా?" అని మా ఆయన ఎక్కిరించిండు.

అన్నిట్ల ముఖ్యమైనవి ఆయన గోలీలు. చిన్నప్పటి సంది ఆయనకు ఫిట్స్ ఉన్నయి. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి తప్పకుంట ఏసుకోవాలె. పదకొండేండ్ల కింద రెండు పూటలు మరిచిపోయి నర్సంపేట బస్టాండ్ల పడిపోయిండు. 

మా అత్తమ్మ ఉన్నన్ని రోజులు కొడుకు ఎటు పోయినా గోలీలు ఆమెనే కట్టిచ్చేది. షీటును కత్తెరతోని కత్తిరించి, ఎన్ని పూటలైతే అన్నే, పాత చీర పేలికల మూట గట్టేది. ఒక్కటి కూడా ఎక్కువ పెట్టకపోయేది. ఎక్కువ పెడితే రోగాన్ని పిలిచినట్టేనని ఆమె పట్టింపు. అత్తమ్మ పోయి మూడేండ్లయితాంది.

నేను చేసిన తెలివి ఇనుండ్రి. పెద్ద బ్యాగుల సకినాలు నలుగుతయని చేతి బ్యాగుల పెట్టిన. విమానంల చేతి బ్యాగుకు ఏడు కిలోలే ఒప్పుకుంటరు, దాని బరువు అది దాటింది. అందుకని గోలీల డబ్బా తీసి పెద్ద బ్యాగుల ఏసిన.

విమానమేమో మంగళవారం. మంగళవారం ఊరు బయల్దేరుడు మా ఇంట్ల లేదు. అత్తమ్మ అయితే ప్రస్థానం పెట్టేది. అంటే ముందుగాల ఒక మంచి రోజు చూసి, ఒక సంచిల జత బట్టలు, పసుపు కుంకుమ పెట్టి వేరేవాళ్ల ఇంట్ల ఉంచుడు. ఇగ ఆ రోజే బయల్దేరినట్టు లెక్క. పోయేనాడు ఆ సంచి తీసుకొని పోవాలె, చేరినంకనే ముడి విప్పాలె. ఆచారం కంటే ఆమె మీది ప్రేమకే నేను కూడా పెట్టిన.

గురువారం పొద్దున ఆ గుడ్డసంచిని జోకితే కిలో నూట అరవై గ్రాములు. నోటుబుక్కుల రాసి, ఎదురింటి సుగుణక్క దేవుని గూడు పక్కన మేకుకు తగిలేసి వచ్చిన. మంగళవారం తెచ్చి మళ్లీ జోకిన. కిలో రెండు వందలు. కిలో బాటు పెట్టి చూసిన, కాంట సరిగ్గనే ఉన్నది. సుగుణక్కను అడిగితే "ముట్టుకుంటే ఒట్టు చెల్లే" అన్నది. ముడి విప్పుదామనిపించింది గని అత్తమ్మ మాట యాదికొచ్చి ఊకున్న.

బుధవారం మధ్యాహ్నం ఇస్తాంబుల్‌ల దిగినం. చేతి బ్యాగులున్నయి, ప్రస్థానం సంచి ఉన్నది, సకినాలున్నయి. పెద్ద బ్యాగు మాత్రం రాలే. విమానం మారినకాడ ఆగిపోయిందట, రెండు మూడు రోజులు పడుతదన్నరు. దారిల కని జేబుల పెట్టుకున్న గోలీలల్ల ఆఖరిది ఆయన పొద్దున్నే ఏసుకున్నడు.

హోటలాయన పాపం మంచోడు, మందుల షాపుకు తోలుకపోయిండు. అక్కడి డాక్టర్ చీటీ లేంది ఈ మందు ఇయ్యరాదన్నరు. ఫోన్ల మా డాక్టర్ చీటీ చూపెట్టినా తలకాయ అడ్డంగ ఊపిండ్రు. తెల్లారినంక దవాఖానకు పోదాం, ఫికర్ చెయ్యకుండ్రి అన్నడు హోటలాయన. మరి ఆ రాత్రి గోలీ ఎట్ల? రూముకొచ్చి బోరున ఏడ్సిన. సకినాల కోసం మొగని పానం మీదికి తెచ్చుకుంటినే అని నన్ను నేనే తిట్టుకున్న.

ఆయననే నన్ను ఊకుంచి, "చేరినం గదా, ఆ సంచి విప్పు. లేకుంటె అమ్మ తిడతది" అన్నడు.

విప్పిన. బట్టల నడుమ ఒక చిన్న మూట. మబ్బురంగు గళ్ల చీర పేలిక. అది అత్తమ్మ చీరనే, ఆమె పోయినప్పుడే చుట్టాలకు పంచేసినం. ముడేసి కొసను లోపలికి దోపిన తీరు ఆమెదే, నాకు ఇయ్యాల్టికీ ఆ ముడి రాదు. లోపల కత్తెరతోని కత్తిరించిన షీటు, ఆరు గోలీలు. డాక్టర్ డోసు పెంచింది పోయిన యేడే, అత్తమ్మ లేనంక. షీటు మీద ఉన్నది కొత్త డోసే.

"నువ్వే పెట్టినవు కదా?" అని ఆయన మీదికి లేచిన. ఒట్టేసిండు. లుంగీ ముడే నిలువదు ఆ మనిషికి, ఈ ముడి ఎక్కడిది? ఆ పేలికను మొఖానికి అద్దుకున్నడు. నాకు భయం కాలే. నిజం చెప్తాన, ఇంటి మనిషి వచ్చి పక్కన కూసున్నంత ధైర్యమైంది.

శనివారం దాక బ్యాగు రాకుంటే దవాఖానకు పోవాలె అనుకున్నం. మూడు రోజులు మంచిగ తిరిగినం. పడవెక్కి నడుము సన్నటి గ్లాసులల్ల చాయ్ తాగినం. పక్క బెంచీ మీది ముసలామెకు సకినాలు పెడితే కరకర నమిలి నా చెంప నిమిరింది.

ఆరో గోలీ శనివారం పొద్దున ఏసుకున్నడు. మధ్యాహ్నం బ్యాగు వచ్చింది. డబ్బా విప్పి లెక్కవెట్టిన. నేను పెట్టిన షీట్లు ఒక్కటీ తగ్గలే, ఒక్కటీ తెగలే.

ఇంటికొచ్చినంక మూట గుడ్డ, ఖాళీ షీటు కాంట మీద పెట్టిన. ముప్పై ఐదు గ్రాములు. ఆరు గోలీలు కలుపుకుంటే నలభైకి అటూ ఇటూ. సుగుణక్క మళ్లీ ఒట్టేసింది. ఆ చీర తీసుకున్న ఆడిబిడ్డకు ఫోన్ చేసి అడిగితే, ఎన్నడో బొంతల కుట్టేసిన వదినా అన్నది. ఇంతకంటే ఎక్కువ నాకు తెల్వదు, ఎంత ఆలోచించినా తెగుతలేదు.

వచ్చే యేడు మళ్లీ పోదామని మా ఆయన ఇప్పటికే మొదలువెట్టిండు. నోటుబుక్కు మళ్లీ తీసిన. గోలీలు చేతి బ్యాగుల అని అన్నిటికంటే పైన రాసిన. దాని కింద ఇంకోటి కూడా రాసుకున్న: ప్రస్థానం సంచిల ఒక మూలకు జర జాగ ఇడిసిపెట్టాలె.