పదకొండు రిపోర్టుల నానమ్మ

“మా నానమ్మని పప్పుబెల్లాల్లా పంచిపెట్టేశావు కదా నాన్నా! ఒకడికి కుమ్మరామెను చేశావు, ఇంకొకడి కోసం గొర్రెలు కాయించావు. నేను నా సొంత నానమ్మ గురించి రాస్తే కాపీ కొట్టానంటున్నారు!”

“మెల్లిగా మాట్లాడమ్మా, లోపల మనుషులున్నారు.”

“ఉండనీ. ఇంతకీ ఆ తాడేది? అటక మీద ఉందన్నావు. మొత్తం దులిపినా లేదు. రేపు కమిటీ ముందు ఏం చూపించను, నీ మొహమా?”

లోపలున్న మనిషిని నేనే. యూనివర్సిటీ గేటు ఎదురుగా బైండింగు షాపులో, అడ్డచెక్క వెనకాల, చేతులనిండా జిగురుతో కూర్చున్నాను. ఆ తాడు నిజంగా ఎక్కడుందో ఇద్దరికే తెలుసు. ఒకడు బయట తిట్లు తింటున్నాడు. రెండోవాణ్ణి నేను.

తిట్లు తింటున్నది కొలతల బాబాయి. మానవశాస్త్ర విభాగంలో ముప్ఫై ఏళ్ళుగా అటెండరు. పదో తరగతి గట్టెక్కలేదు గానీ పుర్రె చేతికిస్తే అటూ ఇటూ తిప్పి ఆడో మగో చెప్పేస్తాడు. ఆ పేరు రావడానికి కారణం ఆయన తలకాయ. ప్రాక్టికల్స్‌లో పిల్లలు ఒకరి తల ఒకరు కొలుచుకోవాలి. ఆడపిల్లలు జుట్టు చెదురుతుందని ఒప్పుకోరు, మగపిల్లలు క్లాసుకే రారు. అందుకని బాబాయి స్టూలేసుకుని తల అప్పగించేవాడు. రికార్డు పుస్తకాల ప్రకారం ఆయన తల చుట్టుకొలత ఒక ఏడాది యాభై రెండు సెంటీమీటర్లు, మరుసటి ఏడాది అరవై. “నా తల పెరగలేదురా, మీ చదువు తగ్గింది” అనేవాడు.

తల ఇచ్చినవాడు అంతటితో ఆగలేదు. తల్లినీ ఇచ్చాడు.

నేనూ అక్కడ చదివినవాణ్ణే. ఎమ్మే రెండో ఏడు ఇరవై రోజులు ఎక్కడైనా ఉండి, అక్కడివాళ్ళతో తిని తిరిగి, వాళ్ళ బతుకు రాసుకురావాలి. మనుషుల గురించి చదివే చదువులో మనుషుల దగ్గరికి వెళ్ళడమే మాకు పడని పని. పద్దెనిమిది రోజులు హాస్టల్లో ముసుగుతన్ని, ఆఖరి రెండ్రోజులు బాబాయి కాళ్ళావేళ్ళా పడేవాళ్ళం. “ఎవరు కావాల్రా నీకు? జాలర్లా, కుమ్మర్లా?” అని అడిగి మొదలుపెట్టేవాడు. వృత్తి ఏదైనా కథ మాత్రం ఒకటే. ఆయనకి బాగా తెలిసింది వాళ్ళమ్మ కథే మరి.

ఆవిడ తాళ్ళు పేనేది. ఇంట్లో బిడ్డ పుట్టినప్పుడల్లా ఒక తాడుకి ముడి వేసేది. ఏడు ముడులు. మూడో బిడ్డ పోయినా ఆ ముడి విప్పలేదు. సాయంత్రాలు గుమ్మంలో కూర్చుని తాడు తడుముతూ లెక్కపెట్టుకునేది. మూడో ముడి దగ్గర వేలు కాసేపు ఆగేది గానీ అంకె నోట్లోంచి వచ్చేది కాదు. ఇది చెబుతున్నప్పుడు బాబాయి బొటనవేలు కూడా గాల్లో ఆగిపోయేది. మేం అది రాసుకోలేదు. “ముసలావిడ వయసెంత వేయమంటావ్ బాబాయ్?” అని అడిగాం.

అలా పదకొండు రిపోర్టులయ్యాయి. విభాగానికి అధిపతి అయిన పెద్ద సార్ అవన్నీ చదివాడు. ఒకదానికొకటి సంబంధంలేని ఊళ్ళలో ఒకే ఆచారం కనబడేసరికి ఎగిరి గంతేశాడు. ముడుల లెక్క ఎక్కడ పుట్టి ఎటు పాకిందో బాణాలతో మ్యాపు గీసి పెద్ద వ్యాసం అచ్చేయించాడు. ఆ బాణాలన్నీ వెనక్కి లాగితే మెట్ల పక్కన బాబాయి స్టూలు దగ్గర తేలతాయి.

ఇప్పుడు బాబాయి కూతురు అక్కడే ఎమ్మే చదువుతోంది. మేమెవరం చెయ్యని పని చేసింది, నిజంగానే వెళ్ళింది. తాళ్ళు పేనేవాళ్ళ వీధిలో ఇరవై రోజులుండి రాసుకొచ్చింది. అందులో ఒక అధ్యాయం నానమ్మది. పెద్ద సార్ తన వ్యాసం పక్కన పెట్టుకుని చూసి, “నాది ఎత్తేసి మీ నానమ్మకి అంటగట్టావా?” అన్నాడు. రేపు పదకొండింటికి కమిటీ. కాపీ అని తేలిస్తే డిగ్రీ లేదు, రెండేళ్ళు పరీక్షలకి రానివ్వరు.

ఆ పిల్ల విసురుగా వెళ్ళిపోయింది. బాబాయి లోపలికొచ్చి అట్టల దొంతర మీద కూలబడ్డాడు.

“విన్నావా?”

“విన్నాను. డిపార్టుమెంటు మ్యూజియం తాళం నీ దగ్గరే ఉందిగా. తాడు తీసి చూపించెయ్.”

తాడు అక్కడికి చేరడం నా ఘనకార్యమే. నాది జాలర్ల రిపోర్టు. వస్తువేదైనా చూపిస్తే మార్కులెక్కువని నేను ప్రాణం తీస్తే, మర్నాడు టిఫిన్ సంచిలో తాడు తెచ్చాడు. చూపించి తిరిగిచ్చెయ్యమన్నాడు. పెద్ద సార్ తిరిగివ్వలేదు, అద్దాల బీరువాలో పెట్టించాడు. నాకు మంచి మార్కులు పడ్డాయి. తర్వాత విసుగొచ్చి పరీక్షలెగ్గొట్టి చదువు మానేశాను. తనిఖీలకి తప్ప ఆ గదికి ఎవరూ రారు. బాబాయి మాత్రం రోజూ తెరిచి అద్దం తుడుస్తాడు. అద్దం వెనక వాళ్ళమ్మ తాడు. దాని కింద చీటీ మీద నా చేతిరాత: ‘జాలరుల ముడుల తాడు’.

“నేను తీస్తే దొంగతనం అంటారు. చీటీ ఉందిగా. పదకొండు బైండింగు పుస్తకాల ముందు అటెండరు మాట ఎవడు వింటాడురా?”

“మిగతా పదిమందిలో ఎవర్నైనా వచ్చి నిజం చెప్పమని అడగరాదూ?”

“అడిగా. ఒకడు ఫోనెత్తడు, ఒకామె నేనెవరో తెలీదంది. వాళ్ళకి డిగ్రీలున్నాయి, పోతాయని భయం. నీకేముంది పోవడానికి?”

చదువు మానేసినందుకు ఇంటిల్లిపాదీ నన్ను దుమ్మెత్తిపోశారు. దానివల్ల ఒక లాభం ఉందని చెప్పిన మొదటి మనిషి ఈయనే.

“అసలు అందరికీ ఎందుకు చెప్పావ్ బాబాయ్?”

“మీరు అడిగేవాళ్ళురా. ఇంట్లో అమ్మ గురించి ఎత్తితే ‘మళ్ళీ మొదలెట్టావా’ అంటారు. మీరేమో పుస్తకం పట్టుకుని ఎదురుగా కూర్చునేవాళ్ళు. ఎవరి పేరున రాస్తే ఏంలే, రాస్తున్నారుగా అనుకున్నా.”

చొక్కా జేబులోంచి ఒక తెల్ల అట్టముక్క తీసి బల్ల మీద పెట్టాడు. పాత చీటీ సైజుకి కొలిచి కత్తిరించాడు, మిల్లీమీటరు తేడా లేదు.

“రేపు పదిన్నరకల్లా రా. గది నేను తెరుస్తా, పెద్ద సార్‌ని కూడా నేనే పిలుస్తా. ఆయన ఎదురుగా ఆ చీటీ నీ చేత్తో పీకి ఇది అంటించు. నా రాత చెల్లదు, నీ రాతే ఉండాలి. తాళ్ళు పేనే ఆవిడ అని రాయి. కింద మా అమ్మ పేరు రాయి. మీ పదకొండుమందిలో ఒక్కడూ ఆ పేరు అడగలేదు. చెప్తాను, రాసుకో.”