పక్కింటి ఖాళీ ట్యాంకు

మా పడమటి గోడ మీది పాచి గుర్తొస్తే నాకు ఇప్పటికీ అన్నం సయించదు. పక్కింటి డాబా మీద వెయ్యి లీటర్ల నల్ల ప్లాస్టిక్ ట్యాంకు ఉండేది. నిండినప్పుడల్లా అది పొర్లి, ఆ నీళ్ళు మా గోడ మీదుగా జారేవి. వట్టి నీళ్ళయితే సరే. పావురాల రెట్టలు, ఈకలు, కుళ్ళిన ఆకులు కూడా కలిసి వచ్చేవి. పదిహేనేళ్ళు అలా జారి జారి, గోడ పైనుంచి కింది దాకా పచ్చటి జిగట చార ఒకటి పడింది. మా వంటింటి కిటికీ సరిగ్గా దాని పక్కనే. ఉప్మా తింటూ తలెత్తితే అదే కనిపించేది.

నాకు రోత ఎక్కువని మా ఆవిడ అంటుంది. నిజమే. పెళ్ళి భోజనాల్లో పక్కవాడు వేళ్ళు నాకితే విస్తరి ముందు నుంచి లేచిపోయే రకం నేను. వాన పడ్డాక చేపల బజారు వైపు నడవమంటే చుట్టూ తిరిగి ఇంకో వీధిలోంచి వెళ్తాను. ఇన్నాళ్ళూ దాన్ని శుభ్రత అనుకుని గొప్పగా చెప్పుకునేవాణ్ణి.

పక్కింటావిడ గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. భర్త పోయాడు, ఒక్కతే ఉంటుంది. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. నేను అక్కయ్యగారు అంటాను, ఆవిడ నన్ను తమ్ముడుగారు అంటుంది. మా వీధిలో ఆవిడ చేతి సూది పడని ఒళ్ళు లేదు. మా నాన్న మంచాన పడ్డ ఆఖరి నెలల్లో రోజూ పొద్దున్నే వచ్చి, ఆయన వీపు మీది పుండ్లు కడిగి కట్టు కట్టి వెళ్ళేది. కన్న కొడుకునై ఉండి నేను ఆ గది గుమ్మం దగ్గరే ఆగిపోయేవాణ్ణి.

అలాంటి మనిషికి గోడ సంగతి సూటిగా చెప్పడానికి నాకు నోరు రాలేదు. "నీళ్ళు వృథాగా పోతున్నట్టున్నాయండి అక్కయ్యగారూ" అని ఎప్పుడైనా అనేవాణ్ణి. "ఆయ్, ట్యాంకులో నీళ్ళాపే ఆ బాలు మార్పించాలండి" అనేది. అక్కడితో సరి. ఆవిడ మార్పించేదీ కాదు, నేను గట్టిగా అడిగేదీ కాదు. ఎదురుపడితే నవ్వి పలకరించేవాణ్ణి, వంటింట్లోకి వచ్చి పళ్ళు నూరుకునేవాణ్ణి.

తుపాను వస్తోందంటే మా వైపు అందరూ చేసే మొదటి పని డాబా మీద ట్యాంకు నింపుకోవడం. నిండు ట్యాంకు కదలదు. ఖాళీది గాలికి లేస్తే ఎవరి నెత్తిన పడుతుందో తెలియదు. మా ఊళ్ళో అటు దరియాలతిప్ప నుంచి ఇటు కనకాలపేట దాకా ఈ సంగతి ఒకరికి ఒకరు చెప్పక్కర్లేదు. మొన్నటి తుపానుకి ముందు రోజు సాయంత్రం నేను ఆఫీసు నుంచి వస్తుంటే పక్కింటావిడ ఫోన్ చేసింది.

"తమ్ముడుగారూ, నేను కాకినాడలో ఉండిపోయానండి. మా చెల్లికి కన్ను ఆపరేషనయ్యి రెండ్రోజులే అయ్యింది. రేపు బస్సులు ఆపేత్తారంటన్నారు. మా ట్యాంకులో నీళ్ళు అడుక్కంటేశాయండి. మీ ఇంట్లో తాళముంది కదా, కాస్త మోటారెయ్యండి. అరగంటలో నిండిపోద్ది."

"అలాగేనండి" అన్నాను.

అన్నానే గానీ, ఫోను జేబులో పెట్టుకుంటున్నప్పుడే ఒళ్ళు మండింది. నింపితే పొర్లుతుంది. ఆ మురుగు నా చేత్తో నేనే నా గోడ మీద పోసుకోవాలన్న మాట. అక్కడే నిలబడి చూసుకుని, నిండగానే మోటారు ఆపేస్తే చుక్క కూడా పొర్లదు. ఆ సంగతి నాకు తెలియక కాదు. పదిహేనేళ్ళలో ఆవిడ ఆ బాలు మార్పించలేదు, నేను మాత్రం అరగంట కాపలా కాయాలా అనిపించింది. ఇంటికెళ్ళాక మా ఆవిడతో ఫోను సంగతి చెప్పలేదు. మర్నాడు పదకొండు గంటల వరకూ కరెంటు ఉంది. మా ట్యాంకు నింపాను. స్కూటరు తాడేసి స్తంభానికి కట్టాను. కిటికీ తలుపుల సందుల్లో గుడ్డలు కుక్కాను. పక్కింటి తాళం గోడకి మేకు మీద వేలాడుతోంది. దాని ముందునుంచి పదిసార్లు నడిచి ఉంటాను.

మూడు గంటలప్పుడు గాలి తిరిగింది. మేమిద్దరం ముందు గదిలో ఉన్నాం. మా ఆవిడ అప్పుడే టీ కాచుకుని వచ్చింది. లారీ ఇంట్లోకి దూరినట్టు పెద్ద చప్పుడైంది. వెళ్ళి చూస్తే వంటింటి కప్పు లేదు. మా వంటిల్లు పాతది, పెంకులది. దూలం విరిగి, పెంకులన్నీ కిందికి దిగి, వాటి మధ్య ఆ నల్ల ట్యాంకు నోరు తెరుచుకుని పడి ఉంది. అడుగున మిగిలిన మడ్డి మొత్తం పొయ్యి గట్టు మీద ఒలికింది. నల్లటి బురద, ఈకలు, ఎప్పుడో చచ్చి తోలు మిగిలిన బల్లి. మూత లేచిపోయిన ఇడ్లీ పిండి గిన్నెలో ఆ బురద తేలుతోంది. ఆవకాయ జాడీ పగిలి, నూనె దాంతో కలిసి గచ్చు మీద పాకుతోంది. నేను పెరట్లోకి పరిగెత్తి, ఆ వానలోనే కక్కుకున్నాను. మా ఆవిడ పది నిమిషాలు ఆలస్యంగా టీ పెట్టి ఉంటే ఏమయ్యేదో ఆ క్షణంలో నాకు తట్టనైనా లేదు. అదీ నా రోత.

మర్నాడు గాలి తగ్గగానే వీధి వీధంతా వచ్చింది. బురద కాళ్ళతో లోపల దాకా వచ్చి, ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసుకున్నారు. అందులో ఒకాయన విరిగిన దూలం పక్కన నిలబడి తన ఫొటో కూడా తీయించుకున్నాడు. వాళ్ళని చూస్తే నాకు అసహ్యం వేసింది. కానీ ఆ గుంపులో అందరికంటే ముందు నోరు విప్పినవాణ్ణి నేనే.

"ఊరెళ్ళేవాళ్ళు ట్యాంకు నింపుకుని వెళ్ళక్కర్లేదా" అన్నాను.

అంతే చాలింది. సాయంత్రానికి అది వీధంతా పాకింది. "అంత సదువుకున్నావిడ, ఆ మాత్రం తెలీదేటండి" అని ఒకరు, "ఒంటరిది కదా, పట్టించుకునేవోళ్ళు లేరు" అని ఇంకొకరు. నేను కాదనలేదు. తల ఊపాను కూడా.

ఇంటి లోను తీసుకున్నప్పుడు బ్యాంకువాళ్ళు అంటగట్టిన ఇన్సూరెన్సు పాలసీ ఒకటి ఉంది. ఫోన్ చేస్తే, సర్వేయరు వచ్చి చూసేదాకా దేన్నీ కదపొద్దన్నారు. ఆయన రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ట్యాంకు, మడ్డి, పులిసిన పిండి అలాగే ఉన్నాయి. ఎండ కాసేసరికి ఇల్లంతా కంపు. ముందు గదిలో గ్యాసు పొయ్యి పెట్టుకుని, ముక్కుకి తుండు కట్టుకుని అన్నం తిన్నాను.

మూడో రోజున పక్కింటావిడ వచ్చింది. చేతిలో సంచీ ఉండగానే మా వంటింటి గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. "అమ్మాయికి దెబ్బలేం తగల్లేదు కదండి" అని మా ఆవిడ గురించి అడిగింది. లేదన్నాను. ఫోను మాట ఎత్తుతుందని భయపడ్డాను. ఎత్తలేదు. వీధిలో తన గురించి ఏమనుకుంటున్నారో అప్పటికే ఆవిడ చెవిన పడే ఉంటుంది.

సర్వేయరు మోటార్ సైకిల్ దిగుతూనే, మా ఊరొచ్చే బయటివాళ్ళందరూ అడిగే చవక బ్రాందీ షాపుల సంగతే ముందు అడిగాడు. తరవాత టేపు తీసి గోడలు కొలిచాడు, ఫొటోలు తీశాడు. మడ్డిలో వేలు పెట్టి చూసి, ఆ వేలు మా తలుపుకే తుడిచాడు. ట్యాంకు ఎవరిదన్నాడు. చెప్పాను. మా ఆవిడ వెళ్ళి పక్కింటావిణ్ణి పిలుచుకొచ్చింది.

"చూడండి సార్, తుపానుకి మీ ఇంటి మీద ఏది పడినా, అది పక్కింటోళ్ళదైనా సరే, మీకిచ్చేది మీ పాలసీయే" అన్నాడు.

"పక్కవాళ్ళ తప్పయితే?" అని అడిగింది నేనే. అక్కడ ఆవిడ నిలబడి ఉండగానే అడిగాను.

"అప్పుడూ ముందు మీకు మేమే ఇస్తాం. నిర్లక్ష్యం ఉందని తేలితే కంపెనీ వాళ్ళ మీదికెళ్ళి రాబట్టుకుంటాది. దానికి మీరు ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టాలి." ఆవిడ వైపు తిరిగాడు. "ట్యాంకు ఖాళీగా ఉందని మీకు తెలుసామ్మా?"

"తెలుసండి."

"నింపమని ఎవరికన్నా చెప్పారా?"

ఆవిడ నా వైపు చూడలేదు. "లేదండి. హడావిడిలో మర్చిపోయాను" అంది.

అతను రాసుకున్నాడు. ఇప్పుడు చెప్పడానికి సిగ్గేస్తుంది గానీ, ఆ క్షణంలో నాకు కలిగింది సిగ్గు కాదు, హమ్మయ్య అన్న భావం. సంతకం పెట్టడానికి వారం గడువిచ్చి, కాగితం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తరవాతే వంటిల్లు కడుక్కోనిచ్చారు. ఆ మడ్డి నేను ముట్టుకోలేనని తెలిసి, పక్కింటావిడే చీర కుచ్చిళ్ళు దోపుకుని, మా ఆవిడతో కలిసి రెండు పూటలు ఎత్తిపోసింది. నేను పెరట్లో నిలబడి బకెట్లు అందించాను.

ఆ వారం ఆ కాగితం బల్ల మీదే ఉంది. సంతకం పెడితే కంపెనీ ఆవిడ మీదికి వెళ్తుంది. పెన్షను మీద బతికే మనిషి. పైగా మా వంటింటి కప్పు ఖర్చు ఆవిడ కట్టాల్సి రావడం నా మూలంగా. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో చెప్పాలి. నా ఒంటి మీద నాకే కంపరం పుట్టింది. ఇంతకాలం గోడ మీద వెతికిన పాచి నాలోనే ఉందనిపించింది. ఆరో రోజున సంతకం పెట్టకుండా, వేరే తెల్లకాగితం తీసి జరిగింది జరిగినట్టు రాశాను. పక్కింటావిడ ఫోన్ చేసింది, నేను సరేనన్నాను, కరెంటు ఉన్నా నింపలేదు. మా ఆవిడకి చదవమని ఇచ్చాను. చదివి కాగితం బల్ల మీద పెట్టింది.

"తాళం ఇక్కడే ఉంది కదండీ" అంది.

కాగితం పంపిన నాలుగో రోజున సర్వేయరు ఫోన్ చేశాడు. "ఇదంతా ఎందుకు రాశారు సార్. సాయం చేత్తానని చెయ్యకపోడం మా లెక్కలోకి రాదు. అంత గాలికి ఏ ట్యాంకైనా లేస్తాది. ఎవరి నిర్లక్ష్యమూ లేదని రాసేశాను. ఆవిడ మీదికీ ఎవరూ వెళ్ళరు. మీ క్లెయిమూ వచ్చేత్తాది."

ఎవరి నిర్లక్ష్యమూ లేదట. ఆ మాట విని ఎంత తేలికపడ్డానో తలుచుకుంటే ఇప్పుడు అసహ్యంగా ఉంటుంది. చెప్పులు వేసుకుని, శుభవార్త మోసుకెళ్తున్నట్టు పక్కింటికి వెళ్ళాను.

ఆవిడ వరండాలో చేట ముందు పెట్టుకుని బియ్యం ఏరుతోంది. ఆవిడకి పాలసీ లేదు. కొత్త ట్యాంకు ఇంకా పెట్టించుకోలేదు. వీధి కొళాయి దగ్గర పట్టి తెచ్చుకున్న బిందెలు గోడ వారగా వరసగా ఉన్నాయి. ఆ వయసులో ఆవిడ రోజూ బిందెలు మోస్తోందని నేను అంతవరకూ గమనించనే లేదు.

"కంపెనీవాళ్ళు ఎవరి తప్పూ లేదని తేల్చేశారండి అక్కయ్యగారూ. మీ మీదికేమీ రాదు" అన్నాను.

"సంతోషమండి."

"నేను ఉన్నదున్నట్టు రాసి పంపానండి. మీరు ఫోన్ చేశారని కూడా."

"రాశారా. మంచి పని చేశారు." చేటలోంచి తల ఎత్తలేదు.

"మరి ఆ రోజు మీరెందుకు లేదన్నారండి?"

"ఎవరో ఊరుగాని ఊరోడి ముందు మిమ్మల్ని నిలబెట్టమంటారేటండి." ఒక రాయి ఏరి పక్కన పడేసింది. "మీరు ఫోన్లో సరేనన్నప్పుడే నాకు అనుమానమొచ్చింది. ఎదురింటోళ్ళకి చెప్దామా అనుకున్నాను. మీకు చెప్పాక ఇంకోళ్ళకి చెప్తే మిమ్మల్ని నమ్మనట్టుంటాది కదా. నొచ్చుకుంటారని ఊరుకున్నాను. నేను చేసిన తప్పు అదండి."

ఏదో అనబోయాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ గోడ చూసి మీరు మొహం చిట్లించుకోడం నాకు తెలుసండి. ఎప్పుడు చెప్తారా అని చూశాను. పదిహేనేళ్ళు పక్కపక్కన ఉన్నాం. నేను నింపనండి అని ఒక్క మాట నా మొహం మీద అనడానిక్కూడా నేను పనికిరాలేదా, తమ్ముడుగారూ."

గొంతు పెంచలేదు. జవాబు కోసం ఎదురుచూసినట్టు మొదటిసారి తల ఎత్తి నా వైపు చూసింది. నేను ఆ గుమ్మం ఎక్కితే ఆవిడ ఏ రోజూ కుర్చీ చూపించకుండా మాట్లాడింది లేదు. ఆ రోజు కూర్చోమనలేదు. చెప్పులు తొడుక్కుని వచ్చేశాను.